గుడి నడిపేదెవరు, లెక్క అడిగేదెవరు?

2020 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన జీవోతో సింహాచలం దేవస్థానం పాలకమండలి అధ్యక్ష పదవి పూసపాటి అశోక్ గజపతిరాజు చేతిలోంచి ఆయన అన్న కూతురు సంచయిత చేతికి వెళ్లింది. 2021 జూన్‌లో హైకోర్టు ఆ నియామకాన్ని కొట్టేయడంతో పదవి మళ్లీ బాబాయ్ దగ్గరికే వచ్చింది. పైకి చూస్తే ఇది విజయనగరం రాజుల ఇంటి వారసత్వ తగాదా. కానీ విశాఖలో ఆ పదిహేను నెలలూ దాన్ని వారసత్వ తగాదాగా చూసినవాళ్లు తక్కువ. దిగినాయన తెలుగుదేశం నాయకుడు, దించింది వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం. ఇంకేముంది, సింహాచలం అప్పన్న గుడి కూడా పార్టీల లెక్కలో పడిపోయింది.

మతాన్ని, ప్రభుత్వాన్ని వేరుగా ఉంచితే ప్రజాస్వామ్యానికి మేలా అని అడిగితే చర్చ మామూలుగా అమెరికాకో ఫ్రాన్స్‌కో వెళ్లిపోతుంది. అంత దూరం వెళ్లక్కర్లేదు. మన రాష్ట్రంలో ప్రభుత్వం మారితే మంత్రులతో పాటు దేవాలయాల ట్రస్టు బోర్డులూ మారతాయి. ఓడిన పార్టీ హయాంలో వచ్చిన సభ్యులు రాజీనామా చేస్తారు, లేదా చేయాల్సిన పరిస్థితి వస్తుంది. కొత్త బోర్డులో ఎవరికి చోటు దక్కిందన్నది రాజకీయ వార్తల్లోనే వస్తుంది. ఎమ్మెల్యే టిక్కెట్ దొరకని నాయకుడికి బోర్డు పదవి ఓ ఓదార్పు. దీన్ని వింతగా చూసేవాళ్లు కూడా ఇప్పుడు లేరు.

2025 ఏప్రిల్ 30, అక్షయ తృతీయ. సింహాచలంలో చందనోత్సవం. ఏడాదంతా చందనం కింద ఉండే స్వామి నిజరూపం చూసే వీలు ఆ ఒక్కరోజే కాబట్టి జనం ముందురోజు రాత్రి నుంచే క్యూలైన్లలో ఉన్నారు. తెల్లవారుజామున గాలివాన పట్టుకుంది. మూడు వందల రూపాయల టిక్కెట్ క్యూలైన్ పక్కన గోడ కూలి ఏడుగురు చనిపోయారు. అదేం పాతబడిన గోడ కాదు. కేంద్రం తీర్థస్థలాల కోసం ఇచ్చే ప్రసాద్ పథకం పనుల్లో భాగంగా కొత్తగా లేపిన గోడ. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది. నివేదిక అందాక కార్యనిర్వహణాధికారి (ఈవో)తో సహా కొందరు అధికారుల్ని సస్పెండ్ చేసింది.

ఈ కథలో ఎవరు ఏ కుర్చీలో ఉన్నారో చూడాలి. గుడిని నడిపే ఈవోని వేసింది ప్రభుత్వం. గోడ కట్టించింది ప్రభుత్వ శాఖ. ఉత్సవ ఏర్పాట్లు సమీక్షించింది మంత్రులు, అధికారులు. ప్రమాదం మీద విచారణ జరిపింది ప్రభుత్వ అధికారులు. సస్పెండ్ చేసింది, పరిహారం ఇచ్చింది కూడా ప్రభుత్వమే. ఏ షాపింగ్ మాల్లోనో గోడ కూలితే ప్రభుత్వం యజమానిని నిలదీస్తుంది, పోలీసు కేసు పెడుతుంది, లైసెన్సు లాగేస్తుంది. ఇక్కడ యజమానీ, నిలదీయాల్సినవాడూ ఒక్కడే. సస్పెండైన అధికారులు శాఖ నుంచి వచ్చినవాళ్లే, వాళ్ల స్థానంలో వచ్చేవాళ్లూ ఆ శాఖవాళ్లే.

అదే ఏడాది నవంబరు 1న, ఏకాదశి నాడు, శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో వేంకటేశ్వరస్వామి గుడిలో తొక్కిసలాట జరిగి తొమ్మిది మంది చనిపోయారు. అది ఓ ప్రైవేటు వ్యక్తి కట్టించిన గుడి. తమ దేవాదాయ శాఖ కిందికి రాదని, అంత జనం వస్తారన్న సమాచారం తమకు లేదని ప్రభుత్వం వైపు నుంచి మాట వచ్చింది. ఆరు నెలల తేడాలో రెండు ప్రమాదాలు. ఒకచోట ప్రభుత్వం గుడి లోపల పూర్తిగా ఉంది, ఇంకోచోట గుడి బయట కూడా లేదు. రెండుచోట్లా భక్తుడికి దక్కాల్సిన భద్రత దక్కలేదు. ప్రజాస్వామ్య ప్రభుత్వం అసలు చేయాల్సిన పని, అంటే మెట్లు ఎంత వెడల్పున్నాయి, బయటికి దారి ఎన్నివైపుల ఉంది, ఎంతమందిని లోపలికి వదలొచ్చు అని తనిఖీ చేసే పని, ఆ గుడి ఎవరిదన్న దానితో సంబంధం లేనిది. మసీదైనా, చర్చి అయినా, పెళ్లి మండపమైనా అంతే.

కాబట్టి వేరుగా ఉంచడమంటే ప్రభుత్వం గుడి గుమ్మం తొక్కకూడదని అర్థం చేసుకుంటే పప్పులో కాలేసినట్టే. వేరు చేయాల్సింది నడిపే చేతిని, లెక్క అడిగే చేతిని. ఈ రెండూ కలిసిపోయినప్పుడు మతానికీ నష్టమే, ప్రజాస్వామ్యానికీ నష్టమే. ఎక్కువ నష్టం ప్రజాస్వామ్యానికి, ఎందుకంటే దాని ప్రాణమంతా ప్రశ్నించగలగడంలో, నచ్చకపోతే దించగలగడంలో ఉంది. దేవుడి పేరుతో జరిగే పనిని ప్రశ్నిస్తే భక్తి లేదంటారు. ప్రభుత్వం పేరుతో జరిగే పనిని ప్రశ్నిస్తే ఎదుటి పార్టీవాడివంటారు. ఈ రెండు పేర్లూ కలిసినచోట నోరెత్తే భక్తుడికి ఏ వైపూ దారి ఉండదు.

విదేశాల మాట కొంచెం చూస్తే విషయం తేటపడుతుంది. ఇంగ్లండులో రాజే చర్చికి అధిపతి. పార్లమెంటు ఎగువ సభలో 26 మంది బిషప్పులు కూర్చుంటారు. అయినా అక్కడి ప్రజాస్వామ్యాన్ని ఎవరూ దొంగ ప్రజాస్వామ్యం అనరు. సోవియట్ ప్రభుత్వం 1918లోనే చర్చిని ప్రభుత్వం నుంచి, బడి నుంచి వేరుచేస్తూ డిక్రీ ఇచ్చింది. అక్కడ ప్రజాస్వామ్యం ఏమైందో తెలిసిందే. అంటే కాగితం మీద వేరు చేసినంత మాత్రాన ఒరిగేదీ లేదు, చేయనంత మాత్రాన కూలిపోయేదీ లేదు. ఆఖరి మాట ఎవరిదన్నదే తేల్చుకోవాల్సింది. ఇరాన్‌లోనూ ఎన్నికలు జరుగుతాయి. కానీ గార్డియన్ కౌన్సిల్ అనే 12 మంది సభ్యుల మండలి అభ్యర్థుల్ని ముందే వడపోస్తుంది, పార్లమెంటు చేసిన చట్టాల్ని ఆపగలదు. ఆ 12 మందిలో ఆరుగురు మతాచార్యులు. వాళ్లని నియమించేది సర్వోన్నత నాయకుడు, ఓటరు కాదు. ఓటరు దించలేని చేతిలో వీటో ఉంటే ఓటు సగం చచ్చినట్టే.

పాకిస్తాన్‌ది దీనికి తిరగేసిన కథ, ఒక రకంగా మరింత భయం పుట్టించే కథ. అక్కడ మతాచార్యులు పార్లమెంటును ఆపడం కాదు, పార్లమెంటే మతాచార్యుల పని నెత్తిన వేసుకుంది. 1974 సెప్టెంబరులో రాజ్యాంగాన్ని సవరించి, తమని ముస్లింలుగానే చెప్పుకునే అహ్మదీయులు ముస్లింలు కారని తీర్మానించింది. అప్పుడు అధికారంలో ఉన్నది ఓట్లతో గెలిచిన జుల్ఫికర్ అలీ భుట్టో ప్రభుత్వమే. ఎవరి ప్రార్థన ఏ మతం కిందికి వస్తుందో చేతులెత్తి లెక్కపెట్టి తేల్చేశారు. మెజారిటీ ఉంది కదా అని చేయకూడని పనులు కొన్ని ఉంటాయి, అందులో ఇది మొదటి వరసలోది.

వేరుచేయడం గురించి మాట్లాడేవాళ్లంతా ఫ్రాన్స్ 1905 చట్టాన్ని ఆదర్శంగా చూపిస్తారు. అందులో ఓ ముచ్చటైన సంగతి ఉంది. ఆ చట్టం తర్వాత కూడా పాత కెథడ్రల్ భవనాలకు యజమాని ఫ్రెంచ్ ప్రభుత్వమే. పారిస్ నోత్రదామ్ కూడా ప్రభుత్వానిదే. పూజలకు వాడుకునే హక్కు చర్చిది. 2019 ఏప్రిల్‌లో ఆ కెథడ్రల్ పైకప్పు కాలిపోయినప్పుడు మళ్లీ కట్టించే బాధ్యత ప్రభుత్వం మీదే పడింది. లోపల ఏ ప్రార్థన జరగాలి, ఏ బిషప్పు ఉండాలి అన్నదాంట్లో మాత్రం విద్యాశాఖ మంత్రికి ఎంత సంబంధమో సాంస్కృతిక శాఖ మంత్రికీ అంతే. పక్కా లౌకిక దేశమని పేరున్న చోట కూడా పైకప్పు ప్రభుత్వానిదే. పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలన్నది మాత్రం వాళ్లు రాసుకున్నారు.

మన దగ్గర ఆ గీత ఎన్నిసార్లు గీశారో, ఎన్నిసార్లు చెరిపేశారో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. విశాఖ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1817లో ఈస్టిండియా కంపెనీ ఓ రెగ్యులేషన్ తెచ్చి గుళ్లు, మసీదుల మాన్యాల మీద పర్యవేక్షణ రెవెన్యూ బోర్డుకి అప్పజెప్పింది. అంటే తెల్ల కలెక్టరు గుడి లెక్కలు చూసేవాడు, కొన్నిచోట్ల ఉత్సవాలకు ఏర్పాట్లూ చేసేవాడు. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధనకు ఊడిగం చేయడమేంటని ఇంగ్లండులో మిషనరీలు గొడవ చేశారు. ఆ ఒత్తిడితో కంపెనీ మెల్లగా చేతులు దులుపుకుంది. 1843లో తిరుమల ఆలయం హాథీరాంజీ మఠం మహంతుల చేతికి వెళ్లింది. 1863 చట్టంతో ప్రభుత్వం అధికారికంగానే తప్పుకుని గుళ్లను ధర్మకర్తలకు, స్థానిక కమిటీలకు వదిలేసింది.

అంటే ఈ దేశంలో మతాన్ని, ప్రభుత్వాన్ని వేరుచేసే ప్రయోగం 160 ఏళ్ల కిందటే ఒకసారి జరిగింది. ఫలితం గొప్పగా ఏమీ లేదు. మాన్యాలు అన్యాక్రాంతమయ్యాయి, నగలకు లెక్కల్లేవు, ధర్మకర్తల మీద కోర్టుల్లో ఏళ్ల తరబడి దావాలు నడిచాయి. కమిటీల్ని ప్రశ్నించాలంటే భక్తుడికి సివిల్ కోర్టు తప్ప దారి లేదు. అందుకే మద్రాసు ప్రెసిడెన్సీలోని జస్టిస్ పార్టీ ప్రభుత్వం 1925లో హిందూ దేవాదాయ చట్టం తెచ్చింది. ఆ ప్రెసిడెన్సీకి అప్పటి ప్రధానమంత్రి పానగల్ రాజా, మన తెలుగువాడే. కాళహస్తి ప్రాంతపు జమీందారు. 1927లో ఆ చట్టాన్నే మళ్లీ చేశారు. తిరుమల మహంతుల చేతిలోంచి కమిటీ చేతికి వచ్చింది 1933లో. స్వాతంత్య్రం తర్వాత 1951 మద్రాసు చట్టం, 1966 ఆంధ్రప్రదేశ్ చట్టం, చల్లా కొండయ్య కమిషన్ సిఫార్సుల మీద 1987లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన చట్టం. ఒక్కోసారీ ప్రభుత్వం మరో మెట్టు లోపలికి వచ్చింది. 1987 చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కుల్ని రద్దు చేసింది, 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

ఇప్పుడు గుళ్లను ప్రభుత్వం నుంచి విడిపించాలంటున్నవాళ్లు ఈ చరిత్రలో సగమే చెబుతారు. 2025 జనవరిలో విశ్వహిందూ పరిషత్ విజయవాడ దగ్గర హైందవ శంఖారావం పేరుతో పెట్టిన సభ కోరింది ఇదే. వాళ్ల ఫిర్యాదులో పస లేదనలేం. గుడి ఆదాయంలోంచి ఏటా కొంత వాటా శాఖ పరిపాలన నిధికి, కామన్ గుడ్ ఫండ్‌కి, అర్చక సంక్షేమ నిధికి పోతుంది. కామన్ గుడ్ ఫండ్‌తో దీపం నూనెకు గతిలేని పల్లె గుళ్లు బాగుపడుతున్నాయి, అది మంచిదే. కానీ తనమీద పర్యవేక్షణకు అయ్యే ఖర్చు గుడే కట్టాలి, ఆ పర్యవేక్షణ ఎలా ఉండాలో మాత్రం గుడికి చెప్పే హక్కు లేదు. ఇంకోటి, ప్రభుత్వ శాఖే నేరుగా చూసుకునే ఈ పద్ధతి గుళ్లకు మాత్రమే. పోర్టు పక్కన మూడు కొండల మీద వేంకటేశ్వరస్వామి గుడి, రాస్‌హిల్ మేరీమాత చర్చి, దర్గా పక్కపక్కనే ఉన్నాయని విశాఖ గొప్పగా చెప్పుకుంటుంది, చెప్పుకోవాలి కూడా. కానీ చట్టం కంటికి ఆ మూడూ ఒక్కటి కాదు. గుడి ఆస్తి అంటే దేవాదాయ శాఖ, దర్గా ఆస్తి అంటే వక్ఫ్ బోర్డు, చర్చి ఆస్తి అంటే ఆ బిషప్పు కింది డయాసిస్ లేదా సొసైటీ. వక్ఫ్ బోర్డుల్లో ఇతర మతస్తులకు చోటిస్తూ 2025లో పార్లమెంటు చేసిన సవరణ మీద సుప్రీంకోర్టు ఆ సెప్టెంబరులో మధ్యంతర ఉత్తర్వులిచ్చి వాళ్ల సంఖ్యకు హద్దు పెట్టింది. మా ఆస్తిలో మీరెందుకు అన్న ప్రశ్న అటూ ఉంది, ఇటూ ఉంది.

రాజ్యాంగం ఈ చిక్కును విప్పలేదు, సర్దుకుపోయింది. 25వ అధికరణం మతస్వేచ్ఛ ఇస్తూనే మతానికి సంబంధించిన ఆర్థిక కార్యకలాపాల్ని ప్రభుత్వం నియంత్రించవచ్చంది, హిందూ ఆలయాల్ని అన్ని కులాలకూ తెరిచే చట్టాలు చేయవచ్చంది. అంబేడ్కర్ కాలానికి ఇది తప్పనిసరి. గోడ కట్టేసి ప్రభుత్వం బయటే నిలబడి ఉంటే దళితులకు గుడి తలుపు తెరిచే చట్టాలే వచ్చేవి కావు. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు ఓ గీత గీసింది. ఏ పూజ ఎలా చేయాలన్నది మతానిది, దాంట్లో ప్రభుత్వం తలదూర్చకూడదు. ఆస్తి నిర్వహణను చట్టం అదుపు చేయొచ్చు, కానీ ఆ నిర్వహణను ఆ మత సంప్రదాయంవాళ్ల చేతిలోంచి మొత్తంగా లాగేసుకోకూడదు. డెబ్భై ఏళ్ల కిందటి ఆ మాటలో అదుపు వేరు, లాగేసుకోవడం వేరు అన్న తేడా స్పష్టంగానే ఉంది. ఆచరణలోనే అది చెరిగిపోయింది. పీఠికలో లౌకిక అన్న మాట 1976లో చేరింది. దాన్ని తీసేయాలన్న పిటిషన్లను 2024 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. దాని మీద జరిగినంత చర్చ ఈవో నియామకాల మీద జరగదు.

గుడి ఆస్తి సంగతి అలా ఉంచితే, ఖజానా డబ్బు సంగతి ఇంకో తలనొప్పి. ఒక మతాన్ని పెంచడానికి పన్ను వసూలు చేయకూడదని 27వ అధికరణం చెబుతుంది. దీనికి మన పార్టీలన్నీ కనిపెట్టిన విరుగుడు అందరికీ పంచడం. గత ప్రభుత్వం ఇమాములకు నెలకు 10,000, మసీదులో అజాన్ పిలిచే మౌజన్లకు 5,000, పాస్టర్లకు 5,000 గౌరవ వేతనం పెట్టింది. అర్చకులకు ఉన్న పథకాలు ఎలాగూ ఉన్నాయి. అందరికీ ఇస్తే వివక్ష లేదనే మాట నిజమే. అయితే ఎవరికీ తేడా చేయకపోవడం ఒకటి, ప్రభుత్వానికి దూరంగా ఉండడం ఇంకొకటి. నెల నెలా ప్రభుత్వం నుంచి డబ్బు పడే పాస్టరు ఆదివారం ప్రసంగంలో ఆ ప్రభుత్వం తప్పుని తప్పు అనగలడా? అనగలిగినవాళ్లు ఉంటారు, ఉండరని కాదు. కానీ ఎన్నికలకు ముందు ఆ జాబితాలు ఎవరి దగ్గర ఉంటాయో, ఎవరు ఫోన్లు చేస్తారో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

మఠాలకు భూములివ్వడం కూడా ఇదే బాపతు. భీమిలి మండలం కొత్తవలసలో విశాఖ శారదా పీఠానికి 2021లో 15 ఎకరాలు ఎకరా లక్ష చొప్పున ఇచ్చారు. సముద్రం దగ్గర్లో ఆ ధర ఏపాటిదో విశాఖలో స్థలం వెతికిన ఎవరికైనా తెలుసు. 2024లో ప్రభుత్వం మారింది, కేటాయింపు రద్దయింది. ఇచ్చిన ప్రభుత్వానికి పీఠం దగ్గరన్న పేరుంది. రద్దుచేసిన ప్రభుత్వం చేసింది సరైనదే అయినా, పీఠం మీద కోపంతో చేసిందన్న మాట పడింది. అధికారంలో ఉన్నవాళ్ల నీడన చేరిన మఠం ఆ నీడ జరగ్గానే ఎండలో పడుతుంది. ఎన్నికల్లో మతం పేరున ఓటు అడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) సెక్షన్ కింద అవినీతి చర్య. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా అంతేనని 2017 జనవరిలో సుప్రీంకోర్టు 4-3 మెజారిటీతో చెప్పింది. ఓటు నోటితో అడిగితే తప్పు. అయిదేళ్లూ భూములతో, వేతనాలతో, బోర్డు పదవులతో అడిగితే పథకం.

అభ్యర్థి నామినేషన్ పత్రాలు అప్పన్న పాదాల దగ్గర పెట్టి తెచ్చుకోవడం, కొత్త కారుకి ఆశీలుమెట్ట సంపత్ వినాయకుడి దగ్గర పూజ చేయించడం లాంటివి ఈ చర్చలోకి లాగక్కర్లేదు. అది మనిషి భక్తి. ఉత్సవానికి మంత్రి ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు తేవడం పదవి భక్తి, రాజుల కాలం నుంచి మిగిలిన అలవాటు. దానివల్ల ప్రజాస్వామ్యం కూలిపోదు. ఆ పట్టువస్త్రాల వెనక ప్రోటోకాల్ దర్శనానికి వచ్చే వందల మంది వల్ల మాత్రం మామూలు క్యూ గంటల తరబడి కదలదు.

ఈ మొత్తం ముడి ఒక్కచోట కనిపించేది పంచగ్రామాల్లో. అడవివరం, వెంకటాపురం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి. ఇక్కడ దేవస్థానం భూముల్లో పన్నెండు వేలకు పైగా ఇళ్లున్నాయి. తాతల కాలం నుంచి ఉన్నవాళ్లూ ఉన్నారు, కాగితం చూసి కొనుక్కుని మోసపోయినవాళ్లూ ఉన్నారు. ఈ భూములు నిషేధిత జాబితాలో ఉన్నాయి. రిజిస్ట్రేషన్ కాదు, బ్యాంకు లోను రాదు, పాత శ్లాబు కారుతోందని పైన రేకులేద్దామన్నా దేవస్థానం సిబ్బంది వచ్చి ఆపుతారన్న టెన్షన్. కూతురి పెళ్లికి ఇల్లు అమ్ముదామంటే కొనేవాడు సగం ధర చెబుతాడు. ప్రతి ఎన్నికల్లోనూ ప్రతి పార్టీ దీన్ని పరిష్కరిస్తామంటుంది. క్రమబద్ధీకరణకు ఒకసారి జీవో, ఒకసారి బిల్లు, కోర్టులో స్టే. ఇప్పుడున్న ప్రతిపాదన దేవస్థానానికి సమాన విలువ గల వేరే భూమి ఇచ్చి ఈ ఇళ్లను వదిలించడం.

మాట వినడానికి న్యాయంగానే ఉంది. కానీ బేరం ఎవరి మధ్య జరుగుతుంది? చట్టం దృష్టిలో దేవుడు ఆస్తి కలిగిన వ్యక్తి, ఆయన తరఫున సంతకం పెట్టేది ప్రభుత్వం వేసిన ఈవో. ఎదురుగా భూమి ఇచ్చేది ప్రభుత్వ రెవెన్యూ శాఖ. విలువ కట్టేది ప్రభుత్వం. ఇళ్లవాళ్ల ఓట్లు కావాల్సింది ఆ ప్రభుత్వంలో ఉన్న పార్టీకి. దేవుడికి తక్కువ వచ్చిందని భక్తుడికి అనుమానం, తమని ఇంకా తిప్పుతారేమోనని ఇంటివాళ్లకి అనుమానం. ఈ రెండు అనుమానాల్నీ తీర్చగలిగిన మూడో మనిషి బల్ల దగ్గర లేడు. అందుకే ప్రతిదీ హైకోర్టుకి వెళ్తుంది.

గుడిని భక్తులే ఎన్నుకున్న బోర్డుకి అప్పజెబితే సరి అనేవాళ్లున్నారు. పంజాబులో గురుద్వారాలకు 1925 నుంచి అలాంటి చట్టమే ఉంది. గురుద్వారాల్ని నడిపే కమిటీ ఎస్‌జీపీసీని సిక్కు ఓటర్లే ఎన్నుకుంటారు. అయితే అక్కడ సాధారణ ఎన్నికలు జరిగింది చివరిసారిగా 2011లో. సింహాచలానికైతే ఇంకో చిక్కు. అప్పన్న భక్తుల్లో ఒడిశావాళ్లు ఎంతమంది, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చేవాళ్లు ఎంతమంది! గిరి ప్రదక్షిణకు ఆషాఢ పౌర్ణమికి ముప్ఫై రెండు కిలోమీటర్లు నడిచే లక్షల మందిలో ఎవరు ఓటరు, ఎవరు కాదు? ఆ జాబితా రాయాలంటే ఎవరు నిజమైన భక్తుడో తేల్చాలి. ఆ పని ప్రభుత్వానికిస్తే 1974 పాకిస్తాన్ దారిలో మొదటి అడుగు పడినట్టే.

ఏ ఓటరు జాబితా అవసరం లేని పనులు రెండున్నాయి. లెక్కల తనిఖీని దేవాదాయ శాఖ మంత్రికి జవాబు చెప్పక్కర్లేని సంస్థ చేతిలో పెట్టడం, ఆ నివేదికను హుండీ లెక్కల్లాగే బయటపెట్టడం ఒకటి. జనం గుమిగూడే ప్రతి ప్రార్థనా స్థలానికీ, అది శాఖ కిందున్నా లేకపోయినా, కట్టడం, క్యూలైన్ల భద్రతకు ఒక్కటే నిబంధన పెట్టి, ధ్రువపత్రం లేనిదే ఉత్సవానికి అనుమతి ఇవ్వకపోవడం రెండోది. వీటికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, అసెంబ్లీలో మామూలు మెజారిటీ చాలు. 1987 చట్టాన్ని ఇప్పటికే ఎన్నోసార్లు సవరించారు, బోర్డుల్లో ఎవరుండాలన్న దాని కోసం కూడా.